మదురా భాషతో నా పరిచయం

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను భాష గురించి మాట్లాడమన్నారు. మన భాషలు ఎంత గొప్పవో చెబుతానని మీరు అనుకుంటున్నారు. ఆ మాట ఏటా ఇదే వేదిక మీద వింటూనే ఉన్నాం. చప్పట్లు కొడతాం, భోజనాలు చేస్తాం, ఇంటికి పోయి పిల్లలతో తెలుగులోనే మాట్లాడతాం. అందుకని ఈసారి సముద్రం అవతల, ఇండోనేషియాలో ఉన్న ఒక భాష గురించి చెబుతాను. దాని పేరు మదురా. మన చుట్టం కాదు. ఇక్కడ ఎవరికీ దానితో పని లేదు. అయినా ఓ అరగంట ఓపిక పట్టండి.

నాకు ఆ భాష పేరు ఎలా తెలిసిందో ముందు చెప్పాలి. మా హాస్టల్లో చదివిన ఒక సవర అమ్మాయి నర్సింగ్ చేసి ఇప్పుడు సౌదీలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. అప్పుడప్పుడు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుతుంది. ఒకసారి ఇలా చెప్పింది. “మేడం, మా వార్డులో శుభ్రం చేసే అక్క ఒకామె ఉంది, ఇండోనేషియా ఆవిడ. వాళ్ల దేశపు అమ్మాయిలతో ఇండోనేషియా భాష మాట్లాడుద్ది. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం వేరే భాష. అందులో కూడా చెల్లెలితో ఒకలా, వాళ్లమ్మతో ఒకలా. మాటకి మాట మారిపోద్ది. ఇవి రెండు భాషలా అక్కా అంటే, కాదు, రెండూ మదురాయే అంది.”

నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని. భాష అంటే చెవి నిక్కబొడుచుకుంటుంది. దొరికినవి చదివాను. అర్థం కానివి ఆ అమ్మాయి చేత ఆ అక్కని అడిగించాను. నేను మదురా వెళ్లలేదు, ఆ భాష మాట్లాడలేను. తెలుసుకున్నంత వరకే చెబుతాను.

ఇండోనేషియాలో జావా దీవి పేరు మీరు పుస్తకాల్లో చదివారు. ఆ జావా ఈశాన్య మూలన సురబయ అనే పెద్ద నగరం ఉంది. అక్కడి నుంచి సన్నటి సముద్రపు పాయ దాటితే మదురా దీవి. సుమారు 160 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. 2009 దాకా పడవల మీదే దాటేవాళ్లు. ఆ ఏడు సురమదు అనే వంతెన తెరిచారు. అయిదు కిలోమీటర్ల పైన ఉంటుంది. దీవి నేల సున్నపురాయి నేల, నీటి ఎద్దడి. వరి కంటే మొక్కజొన్న ఎక్కువ నమ్ముకున్నారు. పొగాకు వేస్తారు. తీరం పొడవునా ఉప్పు మడులు. ఇండోనేషియాలో ఆ దీవిని ఉప్పు దీవి అంటారు. ఎడ్ల పందేలంటే వాళ్లకి ప్రాణం. కరాపన్ సాపి అంటారు. జత ఎడ్ల వెనక చిన్న చెక్క కట్టి, దాని మీద కుర్రాడు నిలబడి తోలతాడు.

పంట చాలని నేల కాబట్టి వలస తప్పలేదు. 2010 జనగణనలో ఆ దేశంలో మదురా జాతివాళ్లు 71 లక్షల పైన తేలారు. దీవిలో ఉన్న జనం మాత్రం 36 లక్షలు. అంటే దాదాపు సగం మంది బయటే. ఎదురుగా ఉన్న తూర్పు జావాలో జెంబెర్, బొండొవొసొ, సితుబొండొ లాంటి జిల్లాల్లో తరాలుగా స్థిరపడ్డారు. నగరాల్లో సాతే, అంటే పుల్లలకి గుచ్చి కాల్చిన మాంసం, అమ్మేది వాళ్లే. రాత్రంతా తెరిచి ఉండే చిన్న కొట్లు నడిపేదీ వాళ్లే. మలేషియాకి, సౌదీకి కూలికి పోతారు. పార్వతీపురం, సీతంపేట కుర్రాళ్లు విశాఖకీ చెన్నైకీ పోయినట్టే.

ఇక్కడ ఒక మాట. మదురావాళ్లు మనలా కొండజాతి కారు, చిన్న జాతీ కారు. జావా, సుండా భాషల తర్వాత ఆ దేశంలో చెప్పుకునే పెద్ద ప్రాంతీయ భాషల్లో వాళ్లది ఒకటి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీనికే వస్తాను.

భాషా కుటుంబం చూస్తే అది ఆస్ట్రోనేషియన్. ఆఫ్రికా పక్కన మడగాస్కర్ నుంచి పసిఫిక్‌లో హవాయి దాకా పరచుకున్న కుటుంబం అది. తెలుగు, కువి, కోయ, గోండి ద్రావిడ భాషలు. సవర ముండా భాష, ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానిది. రెండిటికీ ముందు ‘ఆస్ట్రో’ ఉంది కదా అని మా సవర పిల్లలు ఇప్పుడే చుట్టరికం కలిపేయకండి. ఆ రెండు కుటుంబాలూ వేరు.

చుట్టరికం లేకపోయినా, వింటే మనకి తెలిసిన మాటలు తగులుతాయి. వాళ్లు తమ భాషని ‘భాస మదురా’ అంటారు. ఆ భాస మన భాషే, సంస్కృతం నుంచి పోయింది. గురువుని ‘ఘురు’ అంటారు. కథని ‘చరేత’ అంటారు, మన చరితే. ఆ తర్వాత ఇస్లాంతో అరబ్బీ మాటలు వచ్చాయి. వాళ్లు పాత రోజుల్లో రాసిన చరకన్ అనే లిపి జావా లిపి నుంచి వచ్చింది. దాని మూలం దక్షిణ భారతపు లిపి. అంటే మన తెలుగు లిపికి దూరపు దాయాది. అందులో కూడా హల్లు కింద హల్లు వేలాడదీసి రాస్తారు, అచ్చం మన వత్తుల్లాగే. మా మూడో తరగతి పిల్లలు వత్తులతో పడే పాట్లు అక్కడి పిల్లలూ పడి ఉంటారని తలుచుకుంటే నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు. మత పాఠశాలల్లో అరబ్బీ అక్షరాలతో రాయడమూ ఉంది.

ఇక ధ్వనుల సంగతి. నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

ఇండోనేషియా భాషలో మనలా త వేరు, ట వేరు అనే పట్టింపు లేదు. మదురాలో ఉంది. నాలుక పళ్లకి ఆనించి అనే త, ద వేరు. నాలుక కాస్త వెనక్కి తీసి అనే ట, డ వేరు. జావా భాషలోనూ ఇది ఉంది. ఆ భాషా కుటుంబంలో ఇది అరుదైన లక్షణం. మా నర్సు అమ్మాయి ఆ అక్క మాటలు విని, “ఏదో మన వైపు మాటలా వినబడుతుంది మేడం” అన్నది ఇందుకే అయి ఉంటుంది.

ఒత్తక్షరాలు కూడా ఉన్నాయి, కానీ అక్కడ ఒక తిరకాసు. భ, ఘ అని రాసుకున్నా పలికేటప్పుడు గొంతు మోగదు. మనం ‘ఫలం’లో ఫ సరిగ్గా పలికితే ఎలా ఉంటుందో, అంటే పకి గాలి తోడైనట్టు, వాళ్ల భ దానికి దగ్గర. కాబట్టి వాళ్ల ప, బ, భ మూడూ మూడు వేర్వేరు ధ్వనులే, మన మూడింటి లాంటివి మాత్రం కావు.

దీని కంటే వింత ఇంకోటి. మదురాలో హల్లు అచ్చుని మార్చేస్తుంది. తెలుగులో ‘పులి’ బహువచనంలో ‘పులులు’ అవుతుంది. ‘కత్తి’ ‘కత్తులు’ అవుతుంది. వెనకొచ్చిన ఉ ముందున్న ఇ-ని లాగేస్తుంది. అంటే అచ్చు అచ్చుని మారుస్తుంది. మదురాలో అచ్చు ఎలా పలకాలో దాని ముందున్న హల్లు చెబుతుంది. ప, త, క, మ, న లాంటి వాటి తర్వాత నోరు తెరిచి అ, ఎ, ఒ అంటారు. బ, ద, గ లాంటి వాటి తర్వాత, ఒత్తుల తర్వాత, ఆ అచ్చే పైకి లేస్తుంది. ఎ ఇ అవుతుంది, ఒ ఉ అవుతుంది, అ ఇంకేదో అవుతుంది. ఆ ‘ఇంకేదో’ మన దగ్గర లేదు. పెదాలు గుండ్రంగా చుట్టకుండా ‘ఒ’ అనండి. ఇప్పుడే ప్రయత్నించకండి, పక్కవాళ్లు భయపడతారు. ఆ ధ్వనికి వాళ్లు ‘అ’ మీద టోపీ పెట్టి రాస్తారు.

ఒక ఉదాహరణ చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. చదవడానికి ధాతువు ‘బచ’. అందులో మొదటి అ ఈ టోపీ పెట్టిన అ, ఎందుకంటే ముందు బ ఉంది. ‘ఫలానా మనిషి చదివాడు’ అనాలంటే ఆ బ పోయి మ వస్తుంది, ‘మచ’ అవుతుంది. మ వచ్చింది కాబట్టి అచ్చు టోపీ తీసేసి మామూలు అ అయిపోతుంది. ‘పుస్తకం చదవబడింది’ అనాలంటే ముందు ఎ చేరుతుంది, ‘ఎబచ’. బ తిరిగొచ్చింది, టోపీ తిరిగొచ్చింది. ఏ పిల్లకీ ఎవరూ ఈ సూత్రం చెప్పరు. మూడేళ్ల పిల్ల తప్పు లేకుండా పలుకుతుంది. విలియం డేవిస్ అనే భాషావేత్త 2010లో ఆ భాషకి లావుపాటి వ్యాకరణం రాశాడు. పెద్ద పుస్తకం పట్టే సంగతులు అమ్మ ఒళ్లో పిల్లకి వచ్చేస్తాయి. మీ ఇంటి భాష కూడా అంతే. ‘మా భాషకి గ్రామర్ లేదు మేడం’ అని నాతో చెప్పే పిల్లలు ఇది వినాలి.

అంకెలు చెప్పి ధ్వనులు ముగిస్తాను. సెత్తొంగ్, దువా’, తెల్లో’, ఎంపా’, లెమా’, ఎన్నెమ్, పెత్తో’, బల్లు’, సంగా’, సపొలొ. ఇవి ఒకటి నుంచి పది. తెల్లో, ఎన్నెమ్, పెత్తో అని జంట హల్లులు ఎంత గట్టిగా మోగుతున్నాయో చూడండి. ‘అన్నం’, ‘పిల్ల’ అనే మనకి ఇది కష్టం కాదు. మాట చివర నేను కామాలా పెట్టిన గుర్తు గొంతు బిగించి మాటని టక్కున ఆపడం. సవర పిల్లలకి అది చిన్నప్పటి నుంచి తెలిసిన ధ్వనే. నాకే రాదు.

వాక్యం కట్టడం గురించి ఎక్కువ చెప్పను. క్రియకి లింగం లేదు, వచనం లేదు. నేను తిన్నా, వాళ్లు తిన్నా మాట ఒకటే. ఆమె, అతను తేడా లేకుండా ‘అబా’నా’. నిన్న, రేపు అనే మాటలతోనే కాలం తెలుస్తుంది. ‘చాలామంది’ అనడానికి మాటని జంట చేస్తారు, కానీ అక్కడా ఒక సరదా ఉంది. మనం ‘చిన్నచిన్న’ అని మొత్తం మాటని, ‘మొట్టమొదట’, ‘చిట్టచివర’ అని మొదటి అక్షరాన్ని రెట్టిస్తాం. వాళ్లు చివరి అక్షరాన్ని పట్టుకుని ముందు పెడతారు. ‘ఒరెంగ్’ మనిషి, ‘రెంగ్-ఒరెంగ్’ మనుషులు. ‘బుకు’ పుస్తకం, ‘కు-బుకు’ పుస్తకాలు. తోక తెచ్చి తలకి తగిలించినట్టు.

ఈ తోక-తల మాటల మీద, వాళ్ల యాస మీద ఆ దేశంలో బోలెడు జోకులు. మదురా మనిషి అంటే మొరటువాడు, ఇండోనేషియా భాష కూడా సరిగ్గా రానివాడు అని నవ్వించే జోకులు. సాతే అమ్మేవాడిని ‘తె-సాతే’ అని వెక్కిరిస్తారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఈ సభలో చాలామందికి విడమర్చి చెప్పక్కర్లేదు. కాలేజీలో చేరిన మొదటి నెలలో మీరు నోరు తెరిచినప్పుడు విన్నదే.

ఇక ఆ నర్సు అమ్మాయిని ఆశ్చర్యపరిచిన సంగతికి వస్తాను. చెల్లెలితో ఒక భాష, అమ్మతో ఒక భాష.

మన తెలుగులో గౌరవం మాట చివర ఉంటుంది. రా, రండి. నువ్వు, మీరు. మాట అదే, తోక మారుతుంది. మదురాలో మాటే మారిపోతుంది. తినడం స్నేహితుల మధ్య ‘ఙకన్’, మర్యాదగా ‘నెద్ధా’, పెద్దవాళ్లు తింటే ‘అధా’అర్’. నిద్రపోవడం ‘తెదుంగ్’, పెద్దవాళ్లయితే ‘అసరెన్’. తెలుసు అనేది ‘తావొ’, మర్యాదగా ‘ఒనెంగ్’. నీ పేరేంటి అని తోటివాణ్ణి అడిగితే ‘సపా న్యమనా బా’నా?’ ఒక పెద్దాయన్ని అడిగితే ‘పసేరా అస్మఎపొన్ అజునన్?’ ఎవరు, పేరు, నీ, ఒక్క ముక్క మిగలదు. అన్ని మాటలకీ ఇలా ఉండదు. ఇంట్లో రోజూ వాడే మాటలకే ఎక్కువ.

ఇలా మూడు మెట్లున్నాయి. వాటి పేర్లు నాకు భలే నచ్చాయి. ‘ఎంజా’-ఇయా’, ‘ఎంగ్ఘి-ఎంతెన్’, ‘ఎంగ్ఘి-భుంతెన్’. ఏమిటివి? ఆ మెట్టులో ‘కాదు’, ‘అవును’ ఎలా అంటారో అదే దాని పేరు. కింది మెట్టులో కాదు అంటే ఎంజా’, అవును అంటే ఇయా. పండితుల పేరు కాదు. ఔనూ కాదూ అనే మాటలతోనే మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడో తెలిసిపోతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. పై మెట్టులో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్ల గురించి ‘అధా’అర్’ అనాలి గానీ తన గురించి అనకూడదు. తనకి ‘నెద్ధా’యే. నేర్చుకునే పిల్లలు మర్యాద ఎక్కువై తమకే ‘అధా’అర్’ వాడేస్తారు. మన దగ్గర ఎవరైనా ‘నేను మొన్న మీ ఊరు విచ్చేశాను’ అంటే ఎలా నవ్వుతాం? అలా నవ్వుతారు.

ఇంకో సంగతి. ఈ పై మెట్టు మాటల్లో చాలా వరకు జావా భాష నుంచి వచ్చాయి. మదురాని ఏలినవాళ్ల మీద జావా రాజాస్థానాల పెత్తనం ఉన్న కాలంలో ఆ మాటలు మర్యాద మాటలయ్యాయి. సొంత మాట కింది మెట్టుకి దిగింది. నేను ఇది చదివి పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. మన దగ్గర? ‘కూడు’, ‘బువ్వ’ అచ్చ తెలుగు మాటలు. ‘భోజనం’ బయటి నుంచి వచ్చిన మాట. ఏది మర్యాద, ఏది మోటు? మా అమ్మ ఒక ఆఫీసరు ముందు ‘బువ్వ తిన్నారా బాబూ’ అంటే పక్కనున్నవాళ్లు నవ్వారు. అప్పుడు నాకు పదేళ్లు. ఆ ముసలి ఆఫీసరు నవ్వలేదు, తిన్నానమ్మా అన్నాడు. నేను మాత్రం సిగ్గుపడ్డాను. మా అమ్మని చూసి.

మదురా పిల్లలు ఈ మెట్లు ఎక్కడ నేర్చుకునేవారంటే, ముంగిట్లో. పాత మదురా ఇళ్లు ‘తనెయన్ లంజంగ్’ పద్ధతిలో ఉంటాయి, అంటే పొడుగు ముంగిలి. ఉత్తరాన వరసగా ఇళ్లు, అన్నీ దక్షిణం చూస్తూ. పెళ్లయిన కూతుళ్లకి ఆ వరసలోనే ఇల్లు కట్టిస్తారు. పడమటి కొసన నమాజు చేసుకునే చిన్న గది. ఎదురుగా వంటిల్లు, పశువుల సాల. మధ్యలో ముంగిలి. అమ్మమ్మ, పిన్నులు, వాళ్ల పిల్లలు అందరూ అందులోనే. పిల్ల పొద్దున్న లేచి అమ్మమ్మకి ఒక మెట్టులో బదులు చెప్పి, అటు తిరిగి పిన్ని కూతుర్ని ఇంకో మెట్టులో తిడుతుంది. పాఠం అంటూ లేదు. అమ్మమ్మ ‘అలా కాదే, ఇలా’ అని మాట అందిస్తే పిల్ల మళ్లీ అనేది. తండ్రి, తల్లి, గురువు, రాజు అని మర్యాద వరస ఒకటి వాళ్లు చెప్పుకుంటారు. అందులో రాజు గురువు తర్వాతే. టీచర్‌గా ఆ మాట నాకు నచ్చింది, దాచుకోను.

ఇప్పుడు ఆ ముంగిలి తగ్గింది. జనం పట్నాలకి చేరారు. బడి ఇండోనేషియా భాషలో, టీవీ, ఫోను అందులోనే. పిల్లలకి కింది మెట్టు వస్తుంది, స్నేహితులతో అది వాడతారు. పై మెట్టు సగం వస్తుంది. అమ్మమ్మ ముందు కింది మెట్టులో మాట్లాడితే పొగరు. పై మెట్టులో మాట్లాడి తప్పు చేస్తే నవ్వు. అప్పుడేం చేస్తారు? ఇండోనేషియా భాషలో మాట్లాడేస్తారు. అందులో మెట్లు లేవు, తప్పు లేదు, భయం లేదు. తల్లిదండ్రులు కూడా ‘ముందు ఇండోనేషియా రానీ’ అని ఇంట్లో అదే మొదలుపెడతారు. మనం ‘ముందు ఇంగ్లీషు రానీ’ అంటున్నట్టే.

మా నర్సు అమ్మాయి ఆ అక్కని అడిగింది, మీ అబ్బాయితో ఏ భాష అని. వాడు సురబయలో చదువుతున్నాడట. నేను మదురాలో అడుగుతాను, వాడు ఇండోనేషియాలో బదులిస్తాడు అందట. వాళ్ల అమ్మమ్మ ఫోన్ తీసుకుంటే వాడు అసలు మాట్లాడడట. సలాం చెప్పి తల్లికి ఇచ్చేస్తాడు. అమ్మమ్మ అంటే ఇష్టం లేక కాదు, తప్పు మాట వస్తుందేమోనని.

ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇదే. 70 లక్షల మంది మాట్లాడే భాష అది. 1897లోనే కిలియాన్ అనే డచ్చి ఆయన దానికి వ్యాకరణం అచ్చు వేశాడు. నిఘంటువులున్నాయి, లిపి ఉంది. 2008లో పమెకసాన్ పట్నంలో ఆ భాషకి మహాసభ జరిగింది. 2014లో తూర్పు జావా గవర్నరు ఉత్తర్వుతో ప్రాంతీయ భాష బడిలో తప్పనిసరి పాఠం అయింది. ఇన్ని ఉన్నా అమ్మమ్మకీ మనవడికీ మధ్య ఆ ఫోన్ మూగబోతోంది. నెత్తి మీద ప్రభుత్వం చెయ్యి ఉండాలి, పుస్తకాలు ఉండాలి, నేను కాదనను. మనకీ కొంత జరిగింది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1931లోనే సవర భాషకి పుస్తకం తెచ్చారు. 1936లో మంగెయ్ గొమాంగో సవరకి లిపి కట్టారు. 2004 నుంచి కొన్నేళ్లు సవర, కువి, కోయ వంటి ఎనిమిది భాషల్లో బడి పుస్తకాలు వచ్చాయి. కానీ భాష ఊపిరి ఆగేది పుస్తకాల దగ్గర కాదు. పిల్ల తప్పు మాట్లాడిన క్షణంలో, పక్కనున్నవాళ్ల మొహంలో.

ఇది నేను మదురా గురించి చదివి నేర్చుకోలేదు. నా వల్లే నేర్చుకున్నాను. చెప్పడం కష్టమే, అయినా మా పిల్లలు ఇక్కడే ఉన్నారు కాబట్టి చెబుతాను.

నేను జాతాపు ఇంటి పిల్లని. మా ఇళ్లలో తెలుగే. పాతకాలంలో మాకూ కువి లాంటి మాట ఉండేదని పెద్దలు చెబుతారు. మా నానమ్మకి కొన్ని మాటలు వచ్చు. పశువుల్ని అదిలించేటప్పుడు, చంటిపిల్లని జోకొట్టేటప్పుడు తెలుగు కాని మాటలు ఏవో అనేది. ఏంటి నానమ్మా అని నేను ఒక్కసారీ అడగలేదు. ఆమె పోయాక ఆ మాటలు ఎవరిని అడగాలో తెలియలేదు.

అలాంటి నేను వార్డెన్ అయిన కొత్తలో ఏం చేశానంటే, స్టడీ అవర్‌లో సవర మాట్లాడితే ఊరుకునేదాన్ని కాదు. ‘తెలుగులో మాట్లాడండి, అప్పుడే మార్కులొస్తాయి’ అనేదాన్ని. కొట్టలేదు, తిట్టలేదు. కళ్లు ఎర్రజేసి చూసేదాన్ని, అంతే. నేను మంచే చేస్తున్నాననుకున్నాను. ఒక ఆదివారం అయిదో తరగతి పిల్లని చూడ్డానికి వాళ్ల అవ్వ వచ్చింది. కొండ మీద నుంచి నడిచి వచ్చింది, చీర కొంగులో సీతాఫలాలు కట్టుకుని. అవ్వ సవరలో ఏదో అడిగింది. పిల్ల నా వైపు చూసింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. పిల్ల అవ్వకి తెలుగులో బదులు చెప్పింది. ‘బాగున్నాను, తిన్నాను’ అని. అవ్వకి తెలుగు అంతగా రాదు. ఆమె కూడా నా వైపు చూసింది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. పళ్లు ఇచ్చి, పిల్ల తల నిమిరి, అవ్వ వెళ్లిపోయింది.

ఆ పిల్లే ఇప్పుడు సౌదీలో నర్సు.

సవర మాట్లాడితే తెలుగు రాదన్న భయం తప్పని నాకు ట్రైనింగ్‌లోనే చెప్పారు. ఇంటి భాష గట్టిగా వచ్చిన పిల్లకి రెండో భాష త్వరగా వస్తుందని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడు అది గుర్తు రాలేదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు నేను ఉపదేశం చెయ్యను. ఒక పని మాత్రం అడుగుతాను. మీ ఇంట్లో చిన్నవాళ్లు సవర గానీ కువి గానీ తప్పు మాట్లాడితే నవ్వకండి. ఆ అమ్మమ్మ ముంగిట్లో చేసినట్టు మాట అందించండి. పెద్దలూ, మీకూ అదే మనవి. ‘వీడికి మన మాట రాదు’ అని వాడి ముందే చుట్టాలతో అనకండి. ఆ మాట విన్నాక వాడు మళ్లీ నోరు తెరవడు. తెలుగు, ఇంగ్లీషు నేర్చుకోండి, బాగా నేర్చుకోండి, ఉద్యోగాలకి అవి కావాలి. ఒకటి రావడానికి ఇంకోటి వదలక్కర్లేదు. ఆ మదురా అక్క చేతిలో చీపురు పట్టుకుని నాలుగు భాషలు మాట్లాడుతోంది.

మొన్న నర్సు అమ్మాయి మళ్లీ గొంతు పంపింది. ఆ అక్క అడిగిందట, ‘తిన్నావా’ అని మీ భాషలో పెద్దవాళ్లని ఎలా అడుగుతారు, చిన్నవాళ్లని ఎలా అడుగుతారు అని. ఈ పిల్ల తడుముకుని, ఇంటికి ఫోన్ చేసి వాళ్లమ్మని అడిగిందట. అమ్మ చెబుతుంటే వెనక నుంచి అవ్వ ఫోన్ లాక్కుని, అరగంట వదల్లేదట. ఫోన్ బిల్లు గురించి నాతో వాపోయింది.

మా హాస్టల్లో ఇప్పుడు ఆదివారం సాయంత్రం సవర పిల్లలు నాకు మాటలు నేర్పుతున్నారు. నేను తప్పు పలికితే వాళ్లు నవ్వుతారు. నవ్వనిస్తున్నాను, నాకు ఆ బాకీ ఉంది. మాట చివర గొంతు బిగించడం ఉంది చూశారా, అది మొన్న ఏడో తరగతి పిల్ల నా చేత మూడుసార్లు అనిపించింది. ఇంకా రాలేదు. వచ్చే ఆదివారం మళ్లీ అనిపిస్తానంది.